కూడిక గుర్తు దగ్గర కూడబలుక్కునే పైథాన్

"కంపైలర్ ప్రోగ్రామంతా ఒకేసారి అనువదిస్తుంది, ఇంటర్‌ప్రెటర్ ఒక్కో వరుసా చదువుతూ అమలు చేస్తుంది అని చదువుకున్నాం. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కదా, మరి పైక్యాష్ ఫోల్డర్‌లో ఆ ఫైళ్లేమిటి?" అని ఒక పాఠకుడు అడిగారు. సందేహం సరైనదే, తప్పు పాఠానిది. ఆ వాక్యాన్ని తరతరాలుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. అది నిజం కాదని తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. మొదటి వరుసలో ఏదో ఒకటి ముద్రించమని రాసి, చివరి వరుసలో ఒక బ్రాకెట్ మూయకుండా వదిలేయండి. పైథాన్ మొదటి వరుసను కూడా ముట్టుకోదు. ఫైలంతా చదివి బైట్‌కోడ్‌గా, అంటే తాను అమలు చేయగల చిన్న చిన్న ఆదేశాలుగా మార్చాకే అది పని మొదలుపెడుతుంది మరి.

మన ప్రోగ్రాము ఇంపోర్ట్ చేసుకునే, అంటే అరువు తెచ్చుకునే వేరే ఫైళ్ల (మాడ్యూళ్ల) బైట్‌కోడ్ పైక్యాష్‌లో దాగి ఉంటుంది. ప్రోగ్రాము మొరాయించినప్పుడల్లా ఆ ఫోల్డర్‌ను తుడిచేసేవాళ్లను చూశాను. ఇది దిష్టి తీయడం లాంటిదే. అక్కడి ఒక్కో బైట్‌కోడ్ ఫైలు మొదట్లోనే మూల ఫైలు మార్చిన సమయం, దాని పరిమాణం రాసి ఉంటాయి. రెండింట్లో ఏది కలవకపోయినా పైథాన్ తానే మళ్లీ కంపైల్ చేసుకుంటుంది.

నన్ను పట్టి కుదిపేది మాత్రం ఆ తర్వాతి సంగతి. a, b అనే రెండు విలువలు తీసుకుని a + b తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ ఉందనుకోండి. పైథాన్ 3.10 వెర్షన్‌లో దాని బైట్‌కోడ్ నాలుగే ఆదేశాలు: a తెచ్చుకో, b తెచ్చుకో, కలుపు, తిరిగివ్వు. ఒక్కొక్కటి రెండు బైట్లు, మొత్తం ఎనిమిది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఆ "కలుపు" ఉందే, అది పెద్ద జంజాటం.

పైథాన్‌లో a సంఖ్యే కావాలని లేదు. అక్షరాల వరుస (స్ట్రింగ్) కావచ్చు, జాబితా కావచ్చు, మీరు కల్పించిన సొంత రకం కావచ్చు. కాబట్టి కూడిక ఎదురైన ప్రతిసారీ విచారణ జరగాలి. ఎడమ వస్తువు రకం ఏమిటి? దానికి కూడే పద్ధతి ఉందా? కుడి వస్తువుది ఎడమదాని ఉపరకమా? అయితే ముందు దాన్నే అడగాలి. ఇద్దరూ చేతులెత్తేస్తే ఒకదాని వెనుక ఒకటి అతికించే పద్ధతి ఉందేమో చూడాలి. రెండు స్ట్రింగులను కలిపేటప్పుడు జరిగేది ఈ చివరిదే. లూపులో కోటిసార్లు కూడితే, కోటిసార్లూ ఇదే విచారణ.

చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. చదువు అలవాటైనవాళ్లకు చూపు పడగానే మాట మొత్తం తడుతుంది. ఎప్పుడైనా ఎరుగని దీర్ఘసమాసం అడ్డం పడితే, ఎంతటి చదువరి అయినా మళ్లీ కూడబలుక్కోవాల్సిందే. 2022 అక్టోబరులో వచ్చిన 3.11 వెర్షన్ పైథాన్‌కు నేర్పింది సరిగ్గా ఈ విద్యనే. పైథాన్‌ను అభివృద్ధి చేసేవారిలో ఒకరైన మార్క్ షానన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, "కలుపు" ఆదేశం కొన్నిసార్లు నడిచాక, తన దగ్గరకు వస్తున్నవి పూర్ణాంకాలేనని గమనిస్తే, మెమొరీలో తన రూపాన్నే "పూర్ణాంకాలు కలుపు"గా మార్చుకుంటుంది. లెక్క పెట్టుకోవడానికి దాని పక్కనే రెండు బైట్ల ఖాళీ గది ఉంటుంది. అందుకే 3.11లో మన ఫంక్షన్ పన్నెండు బైట్లకు పెరిగింది: ఈ గదికి రెండు, ఫంక్షన్ మొదట్లో కొత్తగా చేరిన ఆదేశానికి రెండు.

పోలికను ఇంకాస్త లాగుతాను. చదువరికి ఒక మాట ఎక్కడ కనిపించినా పరిచయమే. పైథాన్ అలా కాదు. ప్రోగ్రాములో వంద చోట్ల కూడిక గుర్తు ఉంటే వందా విడివిడిగా నేర్చుకుంటాయి. ఒకటి పూర్ణాంకాలకు, దాని కింది వరుసలోది స్ట్రింగులకు అలవాటు పడవచ్చు. ఇక మనం "ప్రశస్తం"ను "ప్రస్తుతం" అని చదివేసి ముందుకు పోగలం, అచ్చుతప్పులన్నీ అలా మిగిలినవే. పైథాన్‌కు ఆ స్వేచ్ఛ లేదు. అందుకే "పూర్ణాంకాలు కలుపు" కూడా ప్రతిసారీ ముందు రెండు రకాలనూ సరిచూస్తుంది. కలవకపోతే పాత విచారణకే మళ్లుతుంది. అంచనా పదేపదే తప్పితే మళ్లీ నేర్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. అదీ కుదరకపోతే మరో ప్రయత్నానికి అంతకంతకూ ఎక్కువసేపు ఆగుతుంది. ఇంకో తేడా: ఇలా నేర్చుకున్నదేదీ పైక్యాష్‌కు ఎక్కదు. ప్రోగ్రాము ముగిస్తే విద్యంతా మాయం, రేపు మళ్లీ ఓనమాలే.

ఊహ కొత్తది కాదు. 1984లోనే డాయిచ్, షిఫ్‌మన్ అనే ఇద్దరు స్మాల్‌టాక్ భాష కోసం, పిలుపు జరిగే చోటనే పాత ఫలితాన్ని దాచుకునే పద్ధతిని వివరించారు. పైథాన్‌కు ఇన్నేళ్లు పట్టినా ఫలితం దక్కింది. ప్రామాణిక పరీక్షల్లో 3.10 కంటే 3.11 సగటున 1.25 రెట్లు వేగం.

2024 అక్టోబరులో వచ్చిన 3.13లో ఇంకో అంతస్తు లేచింది. ఇక్కడ "పూర్ణాంకాలు కలుపు" రెండు ముక్కలవుతుంది: "రెండూ పూర్ణాంకాలేనా?" అనే కాపలా, ఆ తర్వాత అసలు కూడిక. విడదీయడంలోనే కిటుకుంది. పై వరుసలో ఒకసారి సరిచూసిన విలువనే కింది వరుసలో మళ్లీ కూడుతుంటే, రెండో కాపలాను ఎత్తేయవచ్చు. మిగిలిన ముక్కలకు ప్రయోగాత్మక జిట్ కంపైలర్ (ప్రోగ్రాము నడుస్తుండగానే అనువదించేది) యంత్రభాష సమకూరుస్తుంది. పైథాన్‌ను తయారుచేసేటప్పుడే ఒక్కో ముక్కకు ఖాళీలు వదిలిన యంత్రభాష అచ్చు సిద్ధమవుతుంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు అచ్చులను వరుసగా నకలు తీసి, ఖాళీల్లో చిరునామాలు నింపడమే పని. 3.13లో దీనివల్ల చేకూరిన వేగం స్వల్పమే, ఒప్పుకోవాలి. 3.14లో విండోస్, మ్యాక్ అధికారిక ప్రతుల్లో ఈ జిట్ చేర్చే ఇస్తున్నారు, కాని కావాలని మీరు మీట నొక్కితేనే మేలుకుంటుంది.

ప్రశ్న అడిగిన పాఠకుడికి ఒక ప్రయోగం. 3.11 గాని ఆ తర్వాతిది గాని తీసుకుని, మన ఫంక్షన్‌ను రెండు అంకెలతో వెయ్యిసార్లు పిలవండి. తర్వాత బైట్‌కోడ్‌ను మనం చదవగలిగేలా చూపే డిస్ మాడ్యూల్‌లో అడాప్టివ్ అనే ఎంపికను పెట్టి దాని బైట్‌కోడ్ చూడండి. మామూలు "బైనరీ ఆప్" (మన "కలుపు" ఆదేశం అసలు పేరు) ఉండాల్సిన చోట "బైనరీ ఆప్ యాడ్ ఇంట్" కనిపిస్తుంది. ఇప్పుడు అదే ఫంక్షన్‌కు వెయ్యిసార్లు స్ట్రింగులు ఇచ్చి మళ్లీ చూడండి. మీరు ఒక్క అక్షరం దిద్దకపోయినా ఆ పేరు మారి ఉంటుంది.