లైటర్ వెలిగిస్తే వెల్డింగ్ హెల్మెట్ అద్దం నల్లబడింది సరే, కన్ను కాస్తుందా?

ములుగు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మా కాకా వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్స్, నాట్ల టైంలో ట్రాక్టర్ కేజ్‌వీల్స్, అన్నీ చేతిలో పట్టుకునే నల్లద్దం షీల్డుతోనే చేసేవాడు. టాక్, అంటే ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకు, వేసేటప్పుడే తిప్పలు. ఎడమ చేత్తో యాంగిల్ ముక్క కదలకుండా పట్టాలి, కుడి చేతిలో రాడ్డు ఉంటది, ఇక షీల్డు ఎవరు పట్టుకోవాలి? ఒక్క చుక్కే గదా అని కళ్లు చికిలించి మొహం పక్కకు తిప్పేవాడు, కానీ రెప్ప పడేలోపే ఆర్క్ (రాడ్డు కొసన పుట్టే విద్యుత్ మంట) వెలిగేది. ఇక అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, ఆగకుండా నీళ్లు. చిన్నమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి కళ్లమీద పెట్టేది.

ఆ చల్లదనానికి కాస్త హాయి అనిపిస్తుందేమో గానీ, ఆలుగడ్డ మందు కాదు. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి ముందుపొరను, అంటే కార్నియాను కాలుస్తాయి. ఆ దెబ్బ 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడుతుంది కాబట్టే పగలు బాగానే ఉండి రాత్రి నరకం కనిపిస్తుంది. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కంటిని మొద్దుబార్చే చుక్కలమందు మాత్రం సొంతంగా కొని వేసుకోవద్దు, దానితో పుండు మానడం ఆలస్యమవుతుంది. కంటి డాక్టర్‌కు చూపించండి.

ఆర్క్ వెలగగానే అద్దం తనంతట తానే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ తీర్చే కష్టం సరిగ్గా ఈ టాక్ దగ్గరిదే, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొనబోతే దుకాణంలో లైటర్ వెలిగించి "చూడన్నా, ఎట్ల నల్లబడిందో" అంటారు. ఆ పరీక్షతో తెలిసేది సగమే.

ఎందుకంటే ఆ అద్దంలో రెండు వేరే పనులు జరుగుతాయి. ముందున్న ఫిల్టర్ అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఎప్పుడూ ఆపుతూనే ఉంటుంది, బ్యాటరీ ఉన్నా లేకున్నా. దాని వెనక, ఒకే దిశలో కంపించే వెలుగునే పోనిచ్చే ధ్రువణ ఫిల్టర్ల మధ్య ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది, కాలిక్యులేటర్‌లో అంకెలను నల్లగా చూపించే రకమే. సెన్సర్ ఆర్క్‌ను పసిగట్టగానే విద్యుత్తు అంది ఆ స్ఫటికాలు తిరుగుతాయి, మంచి హెల్మెట్ అయితే సెకనులో 25,000వ వంతులోనే 4వ షేడ్ (అద్దం ఎంత నలుపో చెప్పే నంబరు) నుంచి 10, 11కు పోతుంది. నల్లబడేది కళ్లు జిగేలుమనకుండా. కార్నియాను కాచేది మాత్రం ఆ ముందు ఫిల్టరే, దాని సంగతి లైటర్ మంట చెప్పదు.

అందుకే ఆకారం, రంగుల బొమ్మలు పక్కనపెట్టి అద్దం మీద చెక్కిన గుర్తు చదవండి. 4/9-13 అంటే తేట షేడ్ 4, నల్లటివి 9 నుంచి 13. ఆ తర్వాత చాలావాటి మీద అద్దం నాణ్యత చెప్పే 1/1/1/2 లాంటి నాలుగు అంకెలు, చివర 379 అనే యూరప్ ప్రమాణం నంబరు ఉంటాయి. ఆ నాలుగింట్లో 1 మేలు, 3 నాసి. నాలుగో అంకె వాలుగా చూసినప్పటి సంగతి చెబుతుంది. ట్రాలీ కింద పడుకుని అతుకు వేసేవాళ్లకు అది 3 అయితే అద్దం ఒకచోట నల్లగా ఒకచోట పలుచగా కనిపిస్తుంది.

సెన్సర్లు నాలుగు ఉన్నవే తీసుకోండి. రెండే ఉంటే, చాసిస్ పట్టీ వాటికి అడ్డమొచ్చినప్పుడు రాడ్డు కాలుతుండగానే అద్దం తెరుచుకుంటుంది.

షేడ్ ఎంత ఎక్కువైతే అంత సేఫ్ అనుకోవడం పొరపాటు. ఒక్కో నంబరు పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు దాదాపు 2.7 రెట్లు తగ్గుతుంది, 10 దగ్గరికొచ్చేసరికి ఏడువేలలో ఒక వంతే. రాడ్డు వెల్డింగ్‌కు 60 నుంచి 160 ఆంప్స్ దాకా 10 చాలు. 13 పెడితే కరిగిన లోహం కనబడక మెడ ముందుకు చాచాల్సి వస్తుంది, పొగంతా ముక్కులోకే.

సోలార్ అని రాసి ఉన్నా లోపల బ్యాటరీ ఉందా, అది మార్చుకోవచ్చా అని అడగండి, మార్చలేనిదైతే అది పోయిననాడు హెల్మెటే పోయినట్టు. మే నెల ఎండలో బండి సీటు మీద వదిలేయొద్దు, చాలా వాటి పనిచేసే హద్దు 55 డిగ్రీలే. నిప్పురవ్వలు పడి గరుకుదేలే బయటి ప్లాస్టిక్ పలక కూడా మార్చాల్సిందే, ఆ సైజువి విడిగా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. కాకా పది పలకలు ఒకేసారి తెచ్చి రాడ్డు డబ్బాలో పెట్టుకున్నాడు.