మజ్జిగలో నీళ్లు

పెరంబూరు,
చెన్నై.

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి మీ ఇద్దరి గొడవంతా చెప్పింది. ఈ అగ్నినక్షత్రం ఎండల్లో మీ వేళచ్చేరి అపార్ట్‌మెంటు గేటు పక్కన బల్ల వేసుకుని మజ్జిగ అమ్మారట! వినగానే నాకెంత సంతోషం వేసిందో. చిట్టి అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన బోర్డు ఫోటో కూడా చూశాను. ‘చల్లటి చిక్కటి మజ్జిగ, గ్లాసు 10 రూపాయలు’ అని తెలుగులో, దాని కింద తమిళంలో. చక్కగా రాశావమ్మా.

గొడవ రెండో రోజు వచ్చింది కదా. మొదటి రోజు మూడు లీటర్ల పెరుగులో ఐదు లీటర్ల నీళ్లు పోశారు. రెండో రోజు అదే మూడు లీటర్ల పెరుగులో బుజ్జి తొమ్మిది లీటర్లు పోశాడు. మొదటి రోజు 40 గ్లాసులు, రెండో రోజు 60. అక్క మోసం అంది. నువ్వేమో బుజ్జీ, “మజ్జిగంటేనే నీళ్లు కలిపేది కదా, ఎన్ని కలిపితే తప్పవుతుంది? ఎవరూ కనిపెట్టలేదు కూడా. తాతయ్యనే అడుగుదాం” అన్నావట. ఇది ఫోన్లో చెప్పి ఊరుకునే విషయం కాదనిపించి కాగితం తీసుకున్నాను.

బుజ్జీ, నీ ప్రశ్న మంచి ప్రశ్న. నీళ్లు కలపడం తప్పు కాదు. ఇంట్లో ఫ్రిజ్ తెరిచి ఆవిన్ పాల ప్యాకెట్లు చూడు. నీలం ప్యాకెట్ మీద కొవ్వు 3 శాతం అని ఉంటుంది, ఆకుపచ్చ దాని మీద 4.5 అని. నీలం పాలు పల్చన. అయినా ఆ పాలు అమ్మేవాణ్ని ఎవరూ మోసగాడు అనరు, ఎందుకంటే ఎంత పల్చనో ప్యాకెట్ మీదే రాసి ఉంది, ధర కూడా తక్కువ. ఎండాకాలం పందిళ్లు వేసి మన ఊళ్లో ఊరికే పోసే నీర్‌మోర్, అంటే తమిళుల నీళ్ల మజ్జిగ, తాగారు కదా? పేరులోనే నీరు ఉంది. ఆ చలివేంద్రం దగ్గర ఎవరైనా చిక్కగా లేదని గొడవ పడగా చూశారా? మీరు రెండో రోజు నీళ్ల కొలత మార్చారు గానీ బోర్డు మీద ‘చిక్కటి’ అన్న మాట అలాగే ఉంచేశారు. ధర కూడా పదే ఉంచారు. ఆ ఎక్కువ పోసిన నాలుగు లీటర్ల క్యాన్ నీళ్లు 200 రూపాయలకు అమ్ముడుపోయాయి. పల్చటి మజ్జిగ, ఆరు రూపాయలు అని రాసి ఉంటే మీ అక్కకు కోపం వచ్చేదే కాదు. నాకూ ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ఇక ఎవరూ కనిపెట్టలేదన్న మాట. దాని గురించి నాకు తెలిసినది ఒకటి చెప్పాలి.

మా నాన్న, అంటే మీ ముత్తాత, నెల్లూరు పక్కనుంచి మద్రాసు వచ్చి ఇక్కడ పెరంబూరులో చిన్న పచారీ కొట్టు పెట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడి, మద్రాసు మనకు కాకుండా పోయినప్పుడు మావాళ్లు కొందరు వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. నాకు పదమూడేళ్లప్పుడు ఒక కార్తీకమాసం ముసురులో కొట్టు పెంకులు కారి, చింతపండు బుట్ట ఒక పక్క తడిసింది. నాన్న సరుకు కోసం కొత్తవాల్ చావిడి టోకు సంతకు వెళ్లారు. కొట్టులో నేనొక్కణ్ణే. చెయ్యి పెడితే చింతపండు చల్లగా, బరువుగా తగిలింది. తడిసిందని నాకు తెలుసు. తడిసింది తూకానికి ఎక్కువ తూగుతుందనీ తెలుసు. అయినా ఐదుగురికి దాన్నే తూచి పొట్లాలు కట్టి ఇచ్చాను. త్రాసు ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలబడింది. రాళ్లు కూడా సరైనవే, అడుగున సీసం మీద సర్కారు ముద్ర ఉన్నవే. త్రాసు అబద్ధం చెప్పలేదు పిల్లలూ, నేను చెప్పాను.

నాన్న వచ్చి బుట్టలో చెయ్యి పెట్టారు. “ఎవరెవరికి ఇచ్చావు?” అని అడిగారు, అంతే. తిట్టలేదు. ఐదు పొట్లాలు పొడి చింతపండు కట్టి, గొడుగు తీసి, నన్ను వెంటబెట్టుకుని వానలో బయల్దేరారు. నాలుగిళ్లు దొరికాయి. ఐదో ఆవిడ పూలమ్ముకునే ముసలమ్మ. రోజూ సాయంత్రం పూలగంప దించి, కొట్టు అరుగు మీద కాసేపు కూర్చుని, చారుకు సరిపడా చింతపండు కొనుక్కుని పోయేది. ఇల్లెక్కడో మాకు తెలీదు. రేపు వస్తుందిలే అని నాన్న ఆ పొట్లం గల్లాపెట్టె పక్కన పెట్టారు. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. పొట్లం కట్టిన కాగితం చింతపండు జిగురుకి నల్లబడి, అంటుకుపోయి, ఎండాకాలం దాకా అక్కడే ఉంది. ఆవిడ మళ్లీ మా కొట్టుకు రాలేదు. అలిగి మానేసిందో, ఊరు వెళ్లిపోయిందో, జబ్బు చేసిందో నాకు ఈ రోజుకీ తెలీదు.

అందుకే కనిపెట్టలేదు అన్న మాట నేను నమ్మను. నలభై ఏళ్లు ఆ కొట్టులో కూర్చున్నాను. మోసపోయిన మనిషి కొట్టు ముందు నిలబడి అరవడం చాలా తక్కువ. పది రూపాయల మజ్జిగకి, పావలా చింతపండుకి ఎవరు పోట్లాడతారు? ఊరికే రావడం మానేస్తారు. ఎందుకు మానేశారో మనకు చెప్పరు.

కొట్టు నడపడమంటే ఏమిటో మీకు తేలిగ్గా చెప్పాలంటే నాకు పెరుగు తోడుపెట్టడమే గుర్తొస్తుంది. మీ నానమ్మ రోజూ రాత్రి చేసే పనే. పాలు కాచి, చల్లారబెట్టి, వేలు ముంచి చూస్తుంది. మరీ వేడిగా ఉంటే తోడు వెయ్యదు. కొత్తగా కొట్టు పెట్టినవాళ్లు కూడా వేడి మీద తోడు వేస్తుంటారు: వచ్చిన మొదటి మనిషి దగ్గరే నాలుగింతలు లాగెయ్యాలని తొందర. అది తోడుకోదు. పాలు మరీ చల్లారిపోయినా తోడుకోదు, అంటే కొట్టు తీసి కూర్చుని వచ్చిన మనిషి మొహం కూడా చూడని వాళ్లన్నమాట. తోడు మరీ ఎక్కువేస్తే పులుస్తుంది. నా సరుకు లాంటిది ఊళ్లో ఎక్కడా లేదు అని పొద్దస్తమానం చెప్పుకుంటే అంతే, వినేవాళ్లకు పులుపెక్కుతుంది. తోడు వేశాక గిన్నె కదపకూడదు. పూటకో ధర, మనిషికో ధర చెప్పేవాడు గిన్నె కదుపుతున్నాడన్నమాట. మార్గశిరం చలిలో నానమ్మ గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బా పక్కన పెడుతుంది, ఎక్కువసేపు ఆగుతుంది. కొన్ని కొట్లకీ అలా ఆగాల్సి వస్తుంది. ఇంట్లో తోడే లేకపోతే పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తుంది. మొదటిసారి పెరుగు అంత బాగా రాదు గానీ, దాంతో మళ్లీ తోడు వేస్తే రెండోసారి గట్టిగా వస్తుంది. ఎవరి అండా లేకుండా మొదలుపెట్టినవాళ్లు నాకు ఆ తొడిమల పెరుగులా కనిపిస్తారు. వాళ్లను చూస్తే నాకు గౌరవం.

పాలు పెరుగు ఎలా అవుతాయో మీ సైన్స్ టీచర్ నాకంటే బాగా చెబుతారు. నాకు అంతుచిక్కనిది వేరే ఉంది, చివర్లో చెప్తాను.

అంతకుముందు ఒక లెక్క. చిట్టి డైరీలో ‘రెండు రోజుల లాభం 1000 రూపాయలు’ అని రాసిందని అమ్మ చెప్పింది. నూరు గ్లాసులు, గ్లాసు పది, వెయ్యి రూపాయలు. నిజమే. మరి ఆరు లీటర్ల పెరుగుకి పాలెవరు కొన్నారు? అల్లం, కరివేపాకు, ఉప్పు, ఐసు, పేపరు గ్లాసులు? అమ్మ ఊరికే ఇచ్చింది కాబట్టి అవి ఊరికే వచ్చినట్టు కాదు నాన్నా. ఎదుటివాళ్లతో నిజం చెప్పడం ఎంత ముఖ్యమో, తన పద్దు పుస్తకంలో తనకు తాను నిజం రాసుకోవడం అంత ముఖ్యం. మా వీధిలో బాగా నడిచే కొట్లు కళ్లముందే మూతపడ్డాయి. సరుకు అమ్ముడుపోక కాదు. గల్లాపెట్టెలో పడ్డ ప్రతి రూపాయీ తమదే అనుకుని ఇంటికి తీసుకుపోయారు, తీరా టోకు బాకీ కట్టాల్సిన రోజుకి చేతిలో ఏమీ లేదు. అమ్మ దగ్గర కూర్చుని ఒక్కో ఖర్చూ అడిగి రాయండి. మిగిలినదే లాభం.

లాభం అంటే ఒకటి గుర్తొచ్చింది. నాన్న బియ్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేవారు కాదు. మొదటి కొలతకి “లాభం” అనేవారు, తర్వాత రెండు, మూడు. మన కొలతగాళ్లందరిదీ అదే అలవాటు, తమిళులదీ అదే. చిన్నప్పుడు నేను గమనించింది ఏమిటంటే, లాభం అంటూ పోసిన ఆ కొలత వెళ్లి పడేది కొనడానికి వచ్చినావిడ సంచిలో!

1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు. ఇప్పుడు రూపాయికి నూరు పైసలు. లెక్క వెయ్యండి, అణాకి ఆరుంపావు పైసలు. పావు పైస నాణెం ఎక్కడుంది? కొందరు ఏడు తీసుకునేవాళ్లు. నాన్న ఆరే తీసుకునేవారు. అదే మనిషి ఆ రోజు నాలుగుసార్లు అణా సరుకు కొంటే నాలుగోసారి ఏడు అడిగేవారు, ఎందుకో చెప్పి మరీ అడిగేవారు: నాలుగణాలంటే పావు రూపాయి, అంటే 25 పైసలు, నేను ఇప్పటికి 18 తీసుకున్నాను అని. కొనడానికి వచ్చిన చిన్నపిల్లలకు కూడా ఈ లెక్క చెప్పేవారు. తొమ్మిదేళ్ల నాకు అదంతా విసుగ్గా ఉండేది. ఏడు తీసుకునే కొట్టులో నాలుగుసార్లు కొంటే 28 అయ్యేది. మూడు పైసలు తేడా. ఆ రోజుల్లో మూడు పైసలకు విలువ ఉండేది.

ఇప్పుడు నాకు అంతుచిక్కనిది చెప్తాను. తొడిమల సంగతి అలా ఉంచితే, పెరుగు కావాలంటే పెరుగే కావాలి. నిన్నటి గిన్నెలోంచి ఒక చెంచా తీసి ఇవాళ్టి పాలలో వేస్తాం. నిన్నటిది మొన్నటి నుంచి వచ్చింది. నానమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఎదురింటి తమిళ ఆవిడ ఇచ్చిన ఉరైమోర్ అది. తమిళంలో తోడుని అలా అంటారు. ఆవిడకు వాళ్లమ్మ ఇచ్చి ఉంటుంది. అలా వెనక్కి, వెనక్కి వెళితే మొట్టమొదటి చెంచా ఎవరిది?

నాన్న కొట్టు పెట్టినప్పుడు చేతిలో డబ్బు లేదు. కొత్తవాల్ చావిడి దగ్గర ఒక టోకు వర్తకుడి కొట్టు ముందు రెండు రోజులు నిలబడ్డారట. మూడో రోజు ఆయన లోపలికి పిలిచి, హామీ అడగకుండా, ఒక కందిపప్పు మూట, ఒక చింతపండు బుట్ట అరువు ఇచ్చారు. “అమ్మి తెచ్చివ్వు” అన్నారట. అంత ఊరిలో తెలిసిన మనిషి లేని నాన్నకి ఆ వర్తకుడు ఎందుకిచ్చారు? పదేళ్ల తర్వాత బాకీలన్నీ తీరి, ఇద్దరూ స్నేహితులయ్యాక నాన్న ఆ మాటే అడిగారు. “నాకూ ఒకాయన అలాగే ఇచ్చారయ్యా” అన్నారట. ఆ ఒకాయనకి ఎవరిచ్చారో ఆ వర్తకుడికీ తెలీదు. 1996లో కొత్తవాల్ చావిడి కూరగాయల సంత అంతా కోయంబేడుకు తరలిపోయింది. అక్కడి గోవిందప్ప నాయకన్ వీధిలో పప్పు మూటలు, మిరపకాయల ఘాటు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. సెలవులు అయ్యేలోపు మీ ఇద్దర్నీ తీసుకెళ్లి ఆ చోటు చూపిస్తాను.

నేను తడి చింతపండు అమ్మిన రోజున నాన్న ఎందుకంత చలించారో నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆ వర్తకుడు నాన్న చేతిలో పెట్టిన చెంచాడు తోడుని నేను వానలో ఒలకబోశాను.

బుజ్జీ, ఇవాళ మజ్జిగ అమ్మొద్దు. నిన్నటి గ్లాసులు పారేసిన బుట్ట ఉంటుంది కదా, వాచ్‌మన్ గారు దాన్ని ఎత్తి పారబోసేలోపు ఒకసారి వంగి చూడు. మొదటి రోజు గ్లాసులు అక్క లెక్క పెట్టేటప్పుడు అడుగున కొత్తిమీర ఆకు అంటుకుని ఉందని అమ్మ చెప్పింది, అంటే చుక్క మిగలకుండా తాగారు. రెండో రోజువి ఎలా ఉన్నాయో నువ్వే చూసి నాకు రాయి. ఇస్త్రీ చేసే అన్న మొదటి రోజు రెండు గ్లాసులు తాగాడట, రెండో రోజు ఎన్ని తాగాడో చిట్టిని అడుగు.

తర్వాత ఇద్దరూ కలిసి మీ పక్కింటి మామి దగ్గరికి వెళ్లి ఒక చెంచా తోడు అడిగి తెచ్చుకోండి. మన ఫ్రిజ్‌లో పెరుగుంది కదా అనొద్దు, అడిగే తెచ్చుకోండి. దీపాలు పెట్టాక కొందరు పెరుగు ఇవ్వరు, కాబట్టి పొద్దు ఉండగానే వెళ్లండి. పాలు అమ్మ చేత కాయించి, మీ వేలితో మీరే వేడి చూసి, తోడు వేసి, మూత పెట్టి, గిన్నె కదపకుండా పడుకోండి. ఈ ఎండలకి తెల్లారేసరికి తోడుకుంటుంది. మూత మాత్రం తెల్లారేదాకా తియ్యకండి. తీసేముందు నాకు ఫోన్ చెయ్యండి, నేను ఐదింటికే లేచి ఉంటాను.

మీ తాతయ్య