విడిభాగాల్లో దాగిన కాడిలాక్ కథ

చిరంజీవులు కావ్య, ఆదిత్యలకు తాతయ్య ఆశీస్సులు.

వేసవిలో నేను అమెరికాలో మీ దగ్గర నోవైలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దాయన తన కొత్త గడ్డి కోసే యంత్రాన్ని మురిసిపోతూ చూపించి, యంత్రాల్లో ఇది కాడిలాక్ అన్నారు, గుర్తుందా? కాడిలాక్ అమెరికాలో పేరుమోసిన ఖరీదైన కారు. ఏ వస్తువైనా తన రకంలో అన్నిటికంటే మేలైనదని చెప్పడానికి అక్కడ ఆ పేరు వాడతారు. కాడిలాక్ కూడా అన్ని కార్లలాంటిదే కదా తాతయ్యా, అంత గొప్పేముంది అని ఆదిత్య అడిగాడు. ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో కొలతల పాఠం చెప్పిన నాకు ఆ జవాబు బాకీగా మిగిలిపోయింది. కాకినాడ చేరగానే రాయడానికి కూర్చున్నాను.

1902లో డెట్రాయిట్‌లో కాడిలాక్ కంపెనీని నిలబెట్టిన హెన్రీ లీలండ్ తుపాకుల కర్మాగారాల్లో, కొలత పరికరాలు చేసే చోట పని నేర్చుకున్న మనిషి. అప్పట్లో కారులో ఏదైనా భాగం పాడైతే కొత్తది తెచ్చి బిగించడం కుదిరేది కాదు. పనివాడు ఆకురాయితో దాన్ని అరగదీసి, పెట్టి చూసి, మళ్లీ అరగదీసి ఆ ఒక్క కారుకు సరిపోయేలా చేయాలి. ఒకే కంపెనీ చేసిన రెండు కార్లయినా ఒకదాని భాగం రెండోదానికి పట్టేది కాదు. లీలండ్ దీన్ని సహించలేదు.

1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ దగ్గర, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పేశారు. ఒక్కో కారుకు 721 భాగాలు. అన్నిటినీ ఒకే కుప్పగా కలిపేశారు. క్లబ్ వారు అందులోంచి 89 భాగాలు తీసి పక్కన పెట్టి, వాటి బదులు డీలరు దగ్గరున్న కొత్తవి వాడమన్నారు. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు తప్ప మరేదీ ముట్టకూడదు. ఆ కుప్పలోంచి మళ్లీ మూడు కార్లు లేచి నిలబడ్డాయి. ఒక రంగు కారు భాగాలు ఇంకో రంగు కారుకు చేరి, అతుకుల బొంతల్లా ఉన్నాయట. అలాగే ట్రాక్ మీద 500 మైళ్లు తిరిగాయి! ఆ పనికి క్లబ్ వారు మోటారు రంగంలో గొప్ప సాంకేతిక విజయానికి ఇచ్చే డ్యువార్ ట్రోఫీ ఇచ్చారు. తరగతిలో ఈ కథ చెప్పిన ప్రతిసారీ నా గొంతు బరువెక్కేది. ఎవరి కంటికీ కనబడని బోల్టు విషయంలో కూడా ఒక మనిషి అంత నిజాయితీగా ఉన్నాడు.

తర్వాత 1912 మోడల్‌కు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు పెట్టారు. నా చిన్నప్పుడు పాత లారీల ముందు నిలబడి క్లీనర్లు హ్యాండిల్ తిప్పడం చూశాను. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. ఆ బాధ తీర్చిన కారు పేరు నిలబడదా?

ఒక మచ్చ కూడా చెప్పాలి. 1930ల మొదట్లో నల్లజాతివారికి ఈ కారు అమ్మేవారు కాదు. వారిలో స్తోమత ఉన్న డాక్టర్లు, బాక్సర్లు తెల్లవారి చేత కొనిపించుకునేవారు. సర్వీసు విభాగం చూసే నికొలస్ డ్రైస్టాట్ ఇది గమనించి, పైవారిని ఒప్పించి ఆ పద్ధతి మాన్పించాడు. న్యాయం కోసం కంటే అమ్మకాల కోసమే అనుకోండి, మంచి పనే జరిగింది.

1948లో కారు వెనుక అలంకారంగా చేప రెక్కల్లాంటివి వచ్చాయి, 1959కి అవి ఆకాశానికెత్తినట్టు పెరిగాయి. పక్కింటాయన నోట వచ్చిన మాటకు బలం ఆ రోజులదే.

పరువు పోయింది కూడా విడిభాగాల దగ్గరే. 1970లలో పెట్రోలు కరువొచ్చింది, తక్కువ ఇంధనంతో నడిచే కార్లు చేయాలని చట్టం వచ్చింది. చిన్న కారు తొందరగా కావాలి. 1982 మోడల్‌గా సిమరాన్ అనే కారు తెచ్చారు. అది సామాన్యులు కొనే షెవర్లే కావలియర్ కారుకు తోబుట్టువు; కాడిలాక్, షెవర్లే రెండూ జనరల్ మోటార్స్ కంపెనీవే. తోలు సీట్లు వేసి, కాడిలాక్ ముద్ర కొట్టి, చాలా ఎక్కువ ధర పెట్టారు. 1908లో ఒక కాడిలాక్ భాగం మరో కాడిలాక్‌కు పట్టినందుకు కీర్తి వచ్చింది. 1982లో షెవర్లే భాగాలు కాడిలాక్‌కు పట్టినందుకు నవ్వులపాలయ్యారు. మొదటిది ఏళ్ల తరబడి కొలిచి సాధించిన సమానత్వం. రెండోది కొనేవాడు గమనించడులే అన్న ధీమా. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 1988లో సిమరాన్‌ను ఆపేశారు. మరుసటి ఏడాదే టయోటా లెక్సస్‌తో అమెరికాలో దిగింది. అప్పటికే జర్మన్ కార్ల వైపు చూస్తున్న కొనుగోలుదారులకు ఇంకో దారి దొరికింది.

కాడిలాక్ వారి ఎస్కలేడ్ అనే పెద్ద ఎస్‌యూవీ కూడా 1999 మోడల్‌గా అదే జనరల్ మోటార్స్ వారి జీఎంసీ బండికి ముద్ర మార్చినదే, అయినా అది జనానికి నచ్చింది. నా వాదనకు అది అడ్డువస్తుంది, ఒప్పుకుంటాను. కానీ తర్వాతి ఎస్కలేడ్‌కు సొంత రూపం ఇచ్చారు. 2002లో సీటీఎస్ అనే కొత్త కాడిలాక్ కారు వచ్చింది. 2008లో దాని వేగవంతమైన రకం జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 8 నిమిషాల లోపు చుట్టేసింది. ఇప్పుడు లిరిక్ అనే విద్యుత్ కారు అమ్ముతున్నారు. కార్లు బాగున్నాయనే అంటారు.

పక్కింటాయనకు డెబ్బై దాటాయి. మీ స్కూల్లో మీ ఈడు పిల్లలెవరైనా మంచి వస్తువును చూసి ఇది కాడిలాక్ అంటారేమో గమనించి, తప్పకుండా నాకు రాయండి.

మీ
తాతయ్య