జీతం బకాయికి బదులు భూమి: రూఫస్ పట్నం, ఒహాయో వలసల నేపథ్యం

1783 జూన్‌లో, స్వాతంత్ర్య యుద్ధం దాదాపు ముగిసి సైనికులు ఇళ్లకు మళ్లుతున్న వేళ, హడ్సన్ నది ఒడ్డున న్యూబర్గ్ శిబిరంలో 280 మందికి పైగా అధికారులు అమెరికా కాంగ్రెసుకు ఒక అర్జీ పెట్టుకున్నారు. జీతం బకాయిలు తీర్చడానికి ఖజానాలో డబ్బు లేక కాంగ్రెసు రుణపత్రాలు చేతిలో పెట్టింది. అవి బజారులో ముఖవిలువలో చిన్న భాగానికి కూడా చెల్లడం లేదు. ఈరీ సరస్సుకూ ఒహాయో నదికీ నడుమ తమకు భూములు ఇప్పించమన్నది వారి కోరిక. ఆ అర్జీని జార్జి వాషింగ్టన్‌కు పంపుతూ సుదీర్ఘమైన లేఖ రాసినవాడు బ్రిగేడియర్ జనరల్ రూఫస్ పట్నం. ఒహాయో ప్రాంతానికి తెల్లవారి వలస ఎలా మొదలైందో, అక్కడి మూలవాసులు ఎలా తరలిపోయారో తెలుసుకోవాలంటే ఈ మనిషి జీవితాన్ని అనుసరించడమే దగ్గరి దారి.

పట్నం 1738లో మాసచూసెట్స్‌లోని సట్టన్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. సారాయి అంగడి నడిపే మారుతండ్రి చదువును ఎగతాళి చేసేవాడే గానీ బడికి పంపలేదు. కుర్రవాడు పిట్టలను వేటాడి అమ్మిన డబ్బుతో పుస్తకాలు కొనుక్కుని తానే నేర్చుకున్నాడు. పదహారో ఏట మిల్లులు కట్టే పనిలో చేరి, 1757లో ఫ్రెంచివారిపై యుద్ధానికి సైన్యంలో చేరి, తిరిగివచ్చాక సర్వేయరుగా స్థిరపడ్డాడు. ఆ యుద్ధంలో పోరాడినవారికి భూములిస్తారన్న ఆశతో 1773లో మిసిసిపీ నది దాకా వెళ్లి సర్వే కూడా చేశాడు, కానీ బ్రిటిష్ రాజు ఆజ్ఞతో కేటాయింపులు ఆగిపోయాయి. అంటే న్యూబర్గ్ అర్జీ నాటికి, సేవకు బదులు భూమి అన్న ఆశ అతనిలో పదేళ్లుగా ఉన్నదే.

అతనికి పేరు తెచ్చింది మాత్రం 1776 మార్చిలో బోస్టన్ పక్కన డార్చెస్టర్ గుట్టల మీద చేసిన పని. నేల గడ్డకట్టి గునపం దిగని చలికాలమది. కందకం తవ్వి మట్టికట్ట వేయడం కుదరదు. అమెరికా సేనాని జనరల్ హీత్ దగ్గర కనిపించిన ఒక సైనిక నిర్మాణ గ్రంథంలో చదివిన ఉపాయాన్ని పట్నం అందిపుచ్చుకున్నాడు. దుంగలతో చట్రాలు ముందే సిద్ధం చేసుకుని, వాటి మధ్య గట్టిగా కట్టిన పుల్లల మోపులు పేర్చి, ఒక్క రాత్రిలో నేల మీదే రక్షణగోడ నిలబెట్టారు. తెల్లవారేసరికి తమ నౌకలపై ఫిరంగులు గురిపెట్టి ఉండటం చూసిన బ్రిటిష్ సేన మార్చి 17న నగరం ఖాళీ చేసింది. తరువాత హడ్సన్ నది మీది వెస్ట్ పాయింట్ కోటల నిర్మాణంలోనూ అతని చెయ్యి ఉంది.

అర్జీ కాంగ్రెసులో కదలలేదు. అయితే పట్నం లేఖలో సూచించిన నేలను ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా, అంటే సమాన భూఖండాలుగా, విభజించే పద్ధతి 1785 నాటి భూచట్టంలో చోటు చేసుకుంది. 1786 మార్చిలో పట్నం, అతని తోటి అధికారి బెంజమిన్ టప్పర్ కలిసి మరికొందరు పాత సైనికులను కూడగట్టి బోస్టన్‌లోని ఒక సత్రంలో ఒహాయో కంపెనీని స్థాపించారు. వాటా ధర వెయ్యి డాలర్లు. దాన్ని ఆ చవకబారిన రుణపత్రాలతోనే కట్టవచ్చు. కంపెనీ తరఫున పాస్టరు మనాసే కట్లర్ కాంగ్రెసు సభ్యుల చుట్టూ తిరిగి 15 లక్షల ఎకరాలకు ఒప్పందం కుదిర్చాడు. కాగితం మీద ఎకరా డాలరు, అందులోంచి చెడ్డ నేలల పేరుతో మూడో వంతు తగ్గింపు. చెల్లింపు రుణపత్రాల్లో కావడంతో అసలు ధర నామమాత్రమైంది. బకాయిపడ్డ ప్రభుత్వం అప్పు తీర్చుకుంది, మోసపోయామనుకున్న సైనికులకు ఆస్తి దక్కింది. కానీ ఈ లెక్కలో మూడో పక్షం ఊసే లేదు.

ఆ మూడో పక్షం డెలావేర్, వాయండాట్, షానీ తదితర జాతులు. ఒహాయో నదే సరిహద్దు అని 1768లో బ్రిటిషువారితో ఒప్పందం జరిగిందన్నది వారి వాదన. 1783లో బ్రిటన్ ఈ నేలను అమెరికాకు వదిలేసినప్పుడు వారినెవరూ అడగలేదు. ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న ఈ ‘వాయవ్య ప్రాంత’ పాలన కోసం 1787 జూలై 13న వచ్చిన శాసనం అక్కడ బానిసత్వాన్ని నిషేధించడమే గాక, మూలవాసుల భూములను వారి సమ్మతి లేనిదే తీసుకోరాదని కూడా రాసింది. అదే నెలలో అదే కాంగ్రెసు ఆ భూముల బేరానికి అనుమతి ఇచ్చింది.

1788 ఏప్రిల్ 7న పట్నం వెంట 48 మంది మస్కింగమ్ నది ముఖద్వారంలో దిగి ఊరు కట్టారు. ఫ్రాన్స్ సాయానికి కృతజ్ఞతగా రాణి మారీ ఆంత్వానెత్ పేరు మీద దానికి మేరియెట్టా అని పేరుపెట్టారు. అక్కడ ప్రాచీన మూలవాసులు కట్టిన మట్టిదిబ్బలను, సమాధి దిబ్బలను పాడుచేయకుండా ఉమ్మడి స్థలాలుగా కాపాడాలని కంపెనీ నిర్ణయించింది. చనిపోయినవారి దిబ్బలను గౌరవించినవారు బతికున్నవారి హక్కును అంత శ్రద్ధగా చూడలేదనక తప్పదు.

1791 జనవరి 2న డెలావేర్, వాయండాట్ యోధులు నది ఎగువన ఉన్న బిగ్ బాటమ్ ఆవాసంపై దాడిచేశారు. అదే ఏడాది నవంబరులో మూలవాసుల చేతిలో ఓడిన అమెరికా జనరల్ సెయింట్ క్లెయిర్ సేన ఆరువందల మందికి పైగా సైనికులను కోల్పోయింది. మరుసటి ఏడు పట్నం మిషనరీ హెకెవెల్డర్‌ను వెంటబెట్టుకుని పడమటనున్న విన్సెన్స్ వెళ్లి వాబాష్ నది తీరపు జాతులతో సంధి చేసుకున్నాడు. వారి భూములు వారివేనన్న షరతు అందులో ఉంది. ఆ భూములను కొనే తొలి హక్కు అమెరికాకు దక్కలేదన్న కారణంగా సెనేట్ 1794లో దాన్ని తిరస్కరించింది. అదే ఏడు మూలవాసులు ఓడిపోయిన ఫాలెన్ టింబర్స్ యుద్ధం, 1795లో వారితో కుదిరిన గ్రీన్‌విల్ సంధి దక్షిణ ఒహాయోను వలసదారులకు ఖాయం చేశాయి.

పట్నం 1796లో దేశపు సర్వేయర్ జనరల్ అయ్యాడు. ప్రత్యర్థి పక్షమైన ఫెడరలిస్టు పార్టీవాడు కావడంతో 1803లో అధ్యక్షుడు జెఫర్సన్ అతన్ని తొలగించాడు. 1802లో ఒహాయో రాజ్యాంగ సభలో అతను సభ్యుడు. ఆ రాజ్యాంగంలోనూ బానిసత్వ నిషేధం నిలిచింది. 1824లో 86వ ఏట మేరియెట్టాలోనే కన్నుమూశాడు. వాయండాట్లు 1843లో ఒహాయో విడిచి కాన్సాస్‌కు వెళ్లిపోయారు. సమాఖ్య ప్రభుత్వ గుర్తింపు ఉన్న మూలవాసీ తెగ ఆ రాష్ట్రంలో ఈనాడు ఒక్కటి కూడా లేదు. ఒహాయోలో మూలవాసుల వారసత్వ స్థలాల గురించి ఏ చర్చ వచ్చినా, ఆ జాతుల ప్రతినిధులను ఓక్లహోమా వంటి దూరప్రాంతాల నుంచి పిలవాల్సి రావడానికి కారణం ఇదే.