ఇన్సూరెన్స్‌లో ఎక్కువ మంది ఐటీ వెండర్లు: అపోహలు – వాస్తవాలు

పాలసీ సిస్టమ్ ఒకరిది, క్లెయిమ్స్ ఇంకొకరివి, క్లౌడ్, పేమెంట్లు మరొకరివి. ఇన్సూరెన్స్ ఐటీలో ఇది మామూలే, తప్పు కూడా కాదు. కానీ దీని మీద మీటింగుల్లో వినిపించే కొన్ని మాటలు మాత్రం నిజం కావు.

అపోహ: ప్రతి వెండర్ ఎస్ఎల్ఏ (సర్వీసు ఈ స్థాయిలో ఇస్తామన్న ఒప్పందం) నిలబెట్టుకుంటే సర్వీసు బాగున్నట్టే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. క్లెయిమ్ చెల్లింపు దాకా వెళ్లాలంటే ఐదు సిస్టమ్‌లు వరుసగా పనిచేయాలి, ఒక్కొక్కటి 99.5 శాతం అందుబాటులో ఉంటుందని ఒప్పందం అనుకుందాం. అవి వేర్వేరు సమయాల్లో ఆగితే మొత్తం మీద మిగిలేది 97.5 శాతమే, అంటే 30 రోజుల నెలలో 18 గంటలు పని ఆగిపోతుంది, ఒప్పందం మాత్రం ఎవరూ తప్పలేదు!

అసలు తలనొప్పి సిస్టమ్‌కీ సిస్టమ్‌కీ మధ్య ఉంటుంది. క్లెయిమ్ అప్రూవ్ అయింది, ఫైల్ వెళ్లింది, దారిలో ఎక్కడో బ్యాంకు ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. క్లెయిమ్స్ వెండర్ ‘మేం పంపేశాం’ అంటాడు, పేమెంట్ వెండర్ ‘తప్పు నంబరు, రూల్ ప్రకారమే రిజెక్ట్ చేశాం’ అంటాడు, మధ్యలో ఫైల్ మార్చినవాడు స్పెసిఫికేషన్ చూపిస్తాడు. ముగ్గురి దగ్గరా టికెట్లు (నమోదైన ఫిర్యాదులు) టైముకే క్లోజ్. అవతల ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి డబ్బు మాత్రం అందలేదు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

అపోహ: ఇద్దరు వెండర్లుంటే ఒకరు పడిపోయినా ఇంకొకరు ఆదుకుంటారు.

వాస్తవం: పని పంచడం వేరు, బ్యాకప్ వేరు. పైగా ఇద్దరూ అదే క్లౌడ్ మీద, అదే సెక్యూరిటీ టూల్‌తో నడుస్తూ ఉండొచ్చు. 2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ ఇచ్చిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయి. అందుకే వెండర్ల వెనక ఉన్న సబ్‌కాంట్రాక్టర్ల పేర్లు కూడా అడగాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 17 నుంచి వర్తిస్తున్న డోరా (ఆర్థిక సంస్థల ఐటీ వ్యవస్థలు గట్టిగా ఉండేలా చూసే చట్టం) నిబంధనలు ఇన్సూరెన్స్ కంపెనీలను ఈ ఐటీ ఒప్పందాలన్నిటికీ రిజిస్టర్ పెట్టమంటున్నాయి, పని బయటికిచ్చినా పూర్తి బాధ్యత కంపెనీదే అంటున్నాయి.

అపోహ: పోటీ పెరిగితే ఖర్చు తగ్గుతుంది.

వాస్తవం: రేటు తగ్గొచ్చు. ఇంటిగ్రేషన్, ఉమ్మడి టెస్టింగ్, వెండర్లందరినీ కలిపి నడిపే టీమ్ ఖర్చు కూడా కలిపి అప్పుడు చెప్పండి.

అపోహ: నచ్చకపోతే మార్చేస్తాం.

వాస్తవం: లైఫ్ పాలసీ ఇరవై, ముప్పై ఏళ్లు నడుస్తుంది, ఐటీ ఒప్పందం అందులో చిన్న ముక్క. ఎప్పుడో అమ్మకం ఆపేసిన పాత ప్లాన్‌కి సరెండర్ విలువ (పాలసీ మధ్యలో వదులుకుంటే వచ్చే డబ్బు) ఎలా కట్టాలో చాలాసార్లు వెండర్ దగ్గర పనిచేసే ఒకరిద్దరికే తెలుసు, కాగితం మీద ఉండదు. ఆ రూల్స్ మీ దగ్గర రాసిపెట్టుకోండి. డేటా ఏ ఫార్మాట్‌లో తిరిగివ్వాలో ఒప్పందంలోనే పెట్టండి, గడువు దాకా ఆగకుండా మధ్యలోనే ఒకసారి నిజంగా తెప్పించుకుని, కొన్ని పాత పాలసీల లెక్క మీ మనుషులతోనే కట్టించి చూడండి.