లీజు ఒక చోట, తవ్వకం ఇంకో చోట: చిత్తూరు గ్రానైట్ వెనక కథ

కుప్పం, శాంతిపురం వైపు ఏ క్వారీ దగ్గర ఆగి అడిగినా ‘దీనికి లీజు ఉంది సార్’ అనే జవాబే వస్తుంది. చాలాసార్లు అది నిజమే. అక్రమ తవ్వకం అనగానే రాత్రిపూట దొంగతనంగా వచ్చి బండలు ఎత్తుకుపోయే ముఠాలే గుర్తొస్తాయి. అలాంటివాళ్లూ ఉన్నారు. కానీ పెద్ద నష్టం ఎక్కువగా కాగితం ఉన్న చోటే మొదలవుతుంది. రెండు హెక్టార్లకు లీజు తీసుకుని పక్కనున్న పోరంబోకులోకి జరగడం, ఒక పర్మిట్ మీద మూడు లారీలు పంపడం, పెద్ద బ్లాకును చిన్నదిగా రాయించడం, ఇదీ వరస. అందుకే ఈ వ్యవహారం అర్థం కావాలంటే గుట్ట ఎవరిది, రాయిని కొలిచేది ఎవరు అన్న రెండు ప్రశ్నల చరిత్ర చూడాలి.

గుట్టల సంగతి ముందు. కుప్పం ప్రాంతం ఒకప్పుడు కంగుంది జమీందారీ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కూడా ఇటు పుంగనూరు, అటు కార్వేటినగరం లాంటి జమీన్లు ఉండేవి. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చాక సాగు భూములు రైతులకు దక్కితే, గుట్టలు, బంజర్లు, వంకలు ప్రభుత్వ ఖాతాలో పడ్డాయి. రెవెన్యూ లెక్కల్లో వాటికి కొండ పోరంబోకు, అనాధీనం అని పేర్లు. ఊరివాళ్లకు మాత్రం మేకలు మేపుకునే చోటు, కట్టెలు ఏరుకునే చోటు. వడ్డెరలకు పని దొరికే చోటు. బండ మీద మంట వేసి, వేడికి పొరలు లేచాక సుత్తి, ఉలి, గూటంతో పలకలు తీసేవాళ్లు. తోటల చుట్టూ పాతే రాతి కూసాలు, ఇంటి పునాది రాళ్లు, బావి ఒరలు అలా వచ్చినవే. ఆ పద్ధతిలో గుట్ట తరగలేదని అనను. కానీ ఒక కుటుంబం ఏడాదంతా కొట్టినా ఇప్పుడొక హిటాచీ ఒక్క రోజులో కదిలించేంత రాయి రాదు.

ఇక్కడి రాతి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దక్షిణ భారతంలోని అతి పురాతన రాతి నేల ధార్వార్ క్రేటన్‌లో తూర్పు భాగం ఇది. కోలారు బంగారు పట్టీ దక్షిణపు కొస కుప్పం దాకా వస్తుంది. బిసానత్తం, చిగురుగుంట బంగారు గనులు ఆ పట్టీలోవే. కోలారు గనులతో పాటు 2001లో అవీ మూతపడ్డాయి. బంగారానికీ పక్క గుట్టలోని గ్రానైటుకూ చట్టంలో తేడా ఉంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం భవన నిర్మాణ రాయి, కంకర, మామూలు ఇసుక వంటివాటిని చిన్న తరహా ఖనిజాల్లో చేర్చింది. వాటికి నియమాలు రాసే అధికారం పదిహేనో సెక్షన్ కింద రాష్ట్రానికి ఇచ్చేసింది. ఆంధ్రప్రదేశ్ 1966లో తన నియమాలు తయారుచేసుకుంది. రోడ్లకు కంకర, ఇళ్లకు రాయి దృష్టిలో పెట్టుకుని రాసిన నియమాలవి. గ్రానైట్ బ్లాకు ఓడెక్కి పరాయి దేశం పోయే రోజు వస్తుందని అప్పట్లో ఎవరూ ఊహించి ఉండరు.

ఆ రోజు వచ్చింది. ఎగుమతి మార్కెట్ తెరుచుకుంది. నల్ల రాయితో పాటు ‘కుప్పం గ్రీన్’ అనే ఆకుపచ్చ రాయికి గిరాకీ పుట్టింది. కంప్రెషర్లు, జాక్‌హామర్లు, తర్వాత వజ్రపు పూసల వైర్ సాలు వచ్చాయి. గ్రానైట్ విలువ తెలిసొచ్చాక కేంద్రం 1999లో దానికి ప్రత్యేకంగా పరిరక్షణ, అభివృద్ధి నియమాలు తెచ్చింది. లీజుకు కనీస విస్తీర్ణం, శాస్త్రీయ తవ్వకం, ఆమోదించిన మైనింగ్ ప్లాన్ ఉండాలన్నాయి ఆ నియమాలు. కాగితం మీద బాగానే ఉంది.

నేల మీద మాత్రం కొలతే ఆదాయం. తవ్విన గ్రానైటుకు ప్రభుత్వానికి కట్టే రుసుము, అంటే సీనరేజి, చాలాకాలం క్యూబిక్ మీటర్ల లెక్కన ఉండేది. క్యూబిక్ మీటరు గ్రానైట్ సుమారు 2.7 టన్నులు. పెద్ద రంపపు యంత్రానికి సరిపోయే గ్యాంగ్‌సా సైజు బ్లాకుకు ఒక రేటు, అంతకన్నా చిన్నదానికి ఇంకో రేటు. టేపు పట్టుకున్న మనిషి నాలుగు అంగుళాలు తగ్గించి రాస్తే చాలు, డబ్బు చేతులు మారినట్టే. తనిఖీ చేయాల్సిన గనుల శాఖ సిబ్బంది ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. క్వారీలు వందల్లో. పైగా కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఇటు కృష్ణగిరి, అటు కోలారు జిల్లా. గుట్ట మీద ఎక్కించిన బ్లాకు గంట తిరిగేసరికి రాష్ట్రం దాటి పాలిషింగ్ యూనిట్ ముందుంటుంది. సరిహద్దు దాటాక ఆ రాయి ఎక్కడిదో రాయి చెప్పదు, పర్మిట్ ఏది చెబితే అదే.

భూమి విషయంలోనూ ఇలాంటి సందే ఉంది. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూములను అమ్మడం, కొనడం 1977 చట్టం 2023 సవరణ దాకా పూర్తిగా నిషేధించింది. అయినా గుట్ట వాలులో ఎకరం, రెండెకరాల డీకేటీ ఉన్న రైతు దగ్గర తెల్లకాగితం మీద సంతకం తీసుకుని అందులో వ్యర్థం పోయడం, దారి వేయడం, చివరికి తవ్వడం మామూలైపోయింది. గట్టిగా అడిగితే పోయేది ఆ రైతు పట్టానే కాబట్టి అతను నోరెత్తడు.

సరిహద్దు అవతల ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యాపారం ఎంత పెద్దదో లోకానికి తెలిసింది అక్కడే. 2012లో మదురై కలెక్టరుగా ఉన్న యు. సగాయం అక్కడి గ్రానైట్ అక్రమాల వల్ల ప్రభుత్వానికి 16,338 కోట్ల రూపాయల నష్టం వచ్చిందని నివేదిక పంపారు. ఆ వెంటనే ఆయన బదిలీ అయ్యారు. తర్వాత మద్రాసు హైకోర్టే ఆయనను విచారణకు నియమించింది. అక్కడ బయటపడిన పద్ధతులు చిత్తూరువాళ్లకు కొత్తగా అనిపించలేదు. చెరువుల్లో వ్యర్థం నింపడం, పోరంబోకులోకి జరగడం, పర్మిట్లను మళ్లీ మళ్లీ వాడటం ఇక్కడా అలవాటైనవే. కుప్పం క్వారీల మీద మన దగ్గర మాత్రం ఆరోపణలు ఎన్నికల క్యాలెండరును బట్టి నడుస్తాయి. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లకు గొయ్యి కనిపిస్తుంది, అధికారంలోకి వచ్చాక దాని లీజు కాగితం కనిపిస్తుంది.

పర్యావరణ అనుమతుల కథ ఇంకా వింత. 1994లో వచ్చిన మొదటి నోటిఫికేషన్ అయిదు హెక్టార్లు దాటిన ప్రధాన ఖనిజాల గనులనే పట్టించుకుంది. గ్రానైట్, కంకర క్వారీలు దాని కళ్లబడలేదు. 2006 సెప్టెంబరు 14 నోటిఫికేషన్ చిన్న తరహా ఖనిజాలనూ లెక్కలోకి తెచ్చినా అయిదు హెక్టార్ల గీత అలాగే ఉంచింది. గీత ఎక్కడుందో తెలిస్తే దానికి ఇవతల ఆగడం ఎంతసేపు? హర్యానా ప్రభుత్వం 4.5 హెక్టార్లు మించకుండా ముక్కలు చేసి వేలం వేయబోతే, 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అడ్డుకుంది. ఎంత చిన్న క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనంది. అంటే అప్పటిదాకా దేశంలో చిన్న క్వారీలు చాలావరకు పర్యావరణం మాటే లేకుండా నడిచాయి. ఇప్పుడు మనం చూస్తున్న పెద్ద గోతుల్లో చాలావాటికి పునాది ఆ కాలంలోనే పడింది.

ఇంతకీ గుట్ట తవ్వితే నీళ్లకు ఏమవుతుంది? ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఊళ్లలో గొడవ మొదలయ్యేది ఇక్కడే. గ్రానైట్ నేలలో భూగర్భ జలం సముద్రంలా ఒకచోట ఉండదు. పైన శిథిలమైన మెత్తటి పొరలో కొంత, కింద పగుళ్లలో కొంత నిలుస్తుంది. బోరు పడిందంటే పగులు తగిలిందని అర్థం. క్వారీ గొయ్యి నీటి మట్టం దాటి కిందికి దిగితే ఆ పగుళ్లలో నీరు గోతిలోకి ఊరడం మొదలవుతుంది. పని ఆగకూడదు కాబట్టి మోటారు పెట్టి బయటికి తోడేస్తారు. వెయ్యి అడుగుల బోర్లు వేసి అప్పులపాలైన రైతుల మధ్య, నీళ్లు తోడి పారేసే గొయ్యి అన్నమాట. ఇక పైభాగం. నున్నటి బండ గుట్ట మీద పడిన వాన దాదాపు అంతా కిందికి జారి వంకల ద్వారా కుంటలకు, చెరువులకు చేరుతుంది. మన జిల్లా చెరువుల్లో చాలావాటికి పైన ఇలాంటి గుట్టే నీటి వనరు. క్వారీలో తీసిన రాయిలో అమ్ముడుపోయే బ్లాకులు తక్కువ భాగమే, మిగతాదంతా వ్యర్థం. దాన్ని దూరం తీసుకుపోతే డీజిల్ ఖర్చు. అందుకని పక్కనున్న వంకలోనే పోస్తారు. రెండు వానలకు వంక పూడిపోతుంది, నాలుగో ఏడాదికి చెరువు నిండటం మానేస్తుంది. అప్పుడు అధికారులు కరువు అని రాసుకుంటారు.

దుమ్ము సంగతి కార్మికుల ఊపిరితిత్తులకు తెలుసు. నీళ్లు చల్లకుండా జాక్‌హామర్ పెట్టి కొడితే లేచే సిలికా దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బుకు నయం చేసే మందు లేదు. ఒడిశా, తమిళనాడు నుంచి కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి జబ్బు పడేసరికి తన ఊరికి వెళ్లిపోయి ఉంటాడు, అందుకే ఇక్కడి ఆసుపత్రుల లెక్కల్లో అతను కనిపించడు.

ఏనుగులు ఇంకో సంగతి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగుల మందలు చిత్తూరు అడవుల్లోకి వచ్చి నిలిచాయి. వాటి కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్లలో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. పలమనేరు, కుప్పం మధ్య ఈ అడవి సన్నటి పట్టీలా సాగుతుంది. దాని అంచుల్లో పేలుళ్లు జరిగితే మంద దారి మార్చుకుని చెరకు, అరటి, టమాటా చేలల్లోకి దిగుతుంది. ఏనుగుల దాడులకు క్వారీలే కారణమని తేల్చలేం, కారణాలు చాలా ఉన్నాయి. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. అభయారణ్యం లోపలా, దాని హద్దు నుంచి కిలోమీటరు దూరంలోనూ మైనింగ్ కుదరదని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 26న చెప్పింది. అటవీ భూమిలో కేంద్రం అనుమతి లేకుండా తవ్వకూడదన్నది అంతకన్నా పాత మాట, గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు.

శిక్షల దగ్గరికి వద్దాం. 2015 దాకా అనుమతి లేకుండా తవ్వితే గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, జరిమానా 25 వేల రూపాయలు. ఒక మంచి బ్లాకు ధర కన్నా తక్కువ. వ్యాపారులు దాన్ని ఖర్చుల పద్దులో రాసుకున్నారంటే తప్పు వాళ్లొక్కరిదే కాదు. 2015 సవరణ తర్వాత అయిదేళ్ల జైలు, హెక్టారుకు అయిదు లక్షల దాకా జరిమానా అయింది. అంతకన్నా పెద్ద దెబ్బ 2017 ఆగస్టు 2న కామన్ కాజ్ కేసులో పడింది. ఒడిశా ఇనుప ఖనిజం కేసు అది. లీజు హద్దు బయట తవ్వితేనే అక్రమం అన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లీజు లోపలైనా సరే, పర్యావరణ అనుమతికి మించి, ప్లానుకు మించి తవ్వితే అదీ అక్రమమే, ఆ ఖనిజం ధర మొత్తం వసూలు చేయాలంది. కోర్టుకు సలహా ఇచ్చే కేంద్ర సాధికార కమిటీ 30 శాతం చాలన్నా కోర్టు వంద శాతం అంది. ‘లీజు ఉంది సార్’ అన్న జవాబు చట్టం ముందు చెల్లకుండా పోయింది ఆ రోజే. దీని సంగతి మన క్వారీల ఫైళ్లలో ఎంతవరకు చేరిందన్నది వేరే విషయం.

ఇంకో చిక్కు ఫిర్యాదు ఎవరు చేయాలన్నది. గనుల చట్టం ఇరవై రెండో సెక్షన్ ప్రకారం, అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఆ చట్టం కింద కేసు చేపడుతుంది. కళ్ల ముందు లారీలు పోతున్నా ఊరివాళ్ల మాట చాలదు. 2014లో సంజయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ ముడిని కొంత విప్పింది. ప్రభుత్వ ఖనిజాన్ని ఎత్తుకుపోవడం దొంగతనం కూడా కాబట్టి పోలీసులు ఆ నేరం కింద కేసు పెట్టవచ్చంది. 2020 డిసెంబరులో జయంత్ కేసులో మరో అడుగు వేసి, గనుల శాఖకు జరిమానా కట్టి రాజీ చేసుకున్నా దొంగతనం కేసు మాత్రం పోదని చెప్పింది. ఈ జిల్లాలో ఇప్పటికీ టిప్పర్లను పట్టుకుని, జరిమానా రాసి, వదిలేయడంతోనే చాలా కేసులు ముగుస్తాయి.

ఫిర్యాదు చేయడం ఎంత ప్రమాదమో ఈ ప్రాంతానికి తెలుసు. 2017 ఏప్రిల్ 21న స్వర్ణముఖి ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందు చేరిన మునగలపాలెం రైతుల మీదికి లారీ దూసుకొచ్చింది. కనీసం పదిహేను మంది చనిపోయారు. అది ఇసుక, ఇది రాయి. అయినా ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా ‘పోయి అడుగుదాం పదండి’ అనేముందు ఆ పేరు తలుచుకుంటారు.

ఇప్పుడు ఒత్తిడి గ్రానైట్ నుంచి కంకర, గ్రావెల్ వైపు కూడా మళ్లింది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మన జిల్లా గుండా పోతోంది, తిరుపతి చుట్టూ హైవేలు వెడల్పవుతున్నాయి. రోడ్డుకు మట్టి, మెటల్ దగ్గర్లోని గుట్టే ఇవ్వాలి. గ్రానైటుకు వైర్ సాతో నెమ్మదిగా కోయాలి, లేకపోతే బ్లాకు పగిలిపోతుంది. కంకరకు ఆ జాగ్రత్త అక్కర్లేదు, జిలెటిన్ పెట్టి పేల్చడమే. పేలుళ్లు జరిగే క్వారీకి ఇళ్లు కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెబుతుంది. గోడలు బీటలిచ్చిన ఇళ్లవాళ్లు ముందుగా కొలవాల్సింది ఆ దూరమే.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. పర్యావరణ కేసులు వినే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి మనకు దగ్గరే. నష్టపరిహారం కోరకుండా వేసే దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు. కాకపోతే గడువు గట్టిది. వివాదం మొదటిసారి తలెత్తిన ఆరు నెలల లోపు దరఖాస్తు చేయాలి, తగిన కారణం చూపితే మరో అరవై రోజులు ఇస్తారు. పరిహారానికీ, నేలను బాగుచేయించడానికీ అయితే అయిదేళ్లు. బోరు ఎండటానికి రెండు మూడు వేసవులు పడుతుంది. ఆ లోపు ఆరు నెలలు ఎప్పుడో దాటిపోతాయి కాబట్టి, వంకలో మొదటి లారీ వ్యర్థం పడిన రోజే తేదీతో ఫొటో తీసి, తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, రసీదు దాచుకున్న ఊరికే ట్రిబ్యునల్ దగ్గర చెప్పుకోవడానికి ఏమైనా ఉంటుంది.