కాలు కోల్పోయిన సైనికుడు తిరిగి విధుల్లోకి: అపోహలు - వాస్తవాలు

యుద్ధంలో కాలు పోగొట్టుకున్నవారికి కృత్రిమ కాళ్లు అమర్చి, నడక నేర్పడం నా వృత్తి. "మళ్లీ నా దళంలోకి ఎప్పుడు వెళ్లొచ్చు?" అని సైనికుడు మొదటిరోజే అడుగుతాడు. "ఇక పంపరు కదా?" అని అతని తల్లి నన్ను పక్కకు పిలిచి అడుగుతుంది. ఇద్దరికీ నిజమే చెప్పాలి.

అపోహ: కాలు తీసేస్తే సైనిక జీవితం ముగిసినట్టే.

కాదు. 1942లో విమానం కూలిపోయాక సోవియట్ పైలట్ అలెక్సీ మరేస్యేవ్ 18 రోజులు మంచులో పాకుతూ బయటపడ్డారు. రెండు కాళ్లూ మోకాళ్ల కింద తీసేశారు. 1943లో మళ్లీ యుద్ధ విమానం నడిపారు. భారత సైనికాధికారి ఇయాన్ కార్డోజో 1971 యుద్ధంలో మందుపాతర పేలి నుజ్జయిన కాలిని కుక్రీతో, అంటే గూర్ఖాల వంపు కత్తితో, తానే నరుక్కున్నారు. ఆ తర్వాత బెటాలియన్‌కూ బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించారు. అయితే కొత్తగా గాయపడిన కుర్రాడికి ఈ కథలు ఆచితూచి చెబుతాను. సొంత మోకాలు మిగలడం వేరు, తొడ దగ్గర తీసేయడం వేరు. మోకాలు లేనివారికి ప్రతి అడుగుకూ ఎంతో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది.

అపోహ: ఖరీదైన కాలు పెట్టుకుంటే చాలు.

అన్నిటికన్నా ఎక్కువగా నేను పోట్లాడేది దీనితోనే. పాదం ఎంత గొప్పదైనా, మిగిలిన కాలు కూర్చునే గిన్నె, అంటే సాకెట్, సరిపోకపోతే అది బరువే. కోసిన కాలు మొదటి నెలల్లో కుంచించుకుపోతూనే ఉంటుంది. పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది. అప్పుడు మేజోడు మీద మేజోడు తొడుక్కోవాలి. కాలు విప్పగానే చర్మం మీది ఎర్ర మచ్చలను చూస్తాను. కాసేపటికి మాయమైతే సరే. అరగంటైనా అలాగే ఉంటే అక్కడ పుండు పడబోతోందని అర్థం, సాకెట్ మార్చాల్సిందే. బురదలో, చెమటలో, స్నానం లేని రోజుల్లో చిన్న పుండు చాలు, మనిషి మంచాన పడతాడు. కంప్యూటర్ మోకాలికి, అంటే లోపలి చిప్‌తో వంగే కృత్రిమ మోకాలికి, ఛార్జింగ్ కూడా కావాలి. కందకంలో అది ఎక్కడ దొరుకుతుంది?

అపోహ: గాయం మానితే నొప్పి పోతుంది.

లేని పాదం మండుతుంది, లేని వేళ్లు మెలితిరుగుతాయి. అది భ్రమ కాదు, నరాల నుంచీ మెదడు నుంచీ వచ్చే అసలైన నొప్పి. బాగున్న కాలిని అద్దం ముందు కదిలిస్తూ దాని ప్రతిబింబాన్ని చూసే చికిత్సతో కొందరికి తగ్గుతుంది. పేలుడు గాయాల్లో కండ లోపల ఎముక పెరగడమూ తరచుగా చూస్తాం. అప్పుడు మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు.

అపోహ: తిరిగి వెళ్లడమంటే మళ్లీ ముందు వరుసకే.

శిక్షణ ఇవ్వడం, డ్రోన్ నడపడం, రేడియో చూసుకోవడం, వాహనాలు బాగుచేయడం కూడా విధులే.

అపోహ: వెళ్లాలనుకునేవాడే ధైర్యవంతుడు.

ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. వెళ్తానన్న ప్రతివారి చేతా గదిలో దీపం ఆర్పి కాలు తొడిగిస్తాను, ఎందుకంటే దాడి జరిగేటప్పుడు అతను కాలు విప్పి నిద్రపోతూ ఉండవచ్చు. లైనర్‌ను, అంటే కోసిన కాలికి తొడిగే మెత్తటి తొడుగును, వెనక్కి తిప్పి, గాలి బుడగ లేకుండా ఎక్కించి, సాకెట్‌లోకి దిగాలి. మొదటిసారి చేతులు వణుకుతాయి. రోజూ సాధన చేసి, సిద్ధమై వెళ్లినవారు ఉన్నారు. ఆ చీకట్లోనే కూర్చుని, "నేను ఇంటికి వెళ్తాను" అన్నవారూ ఉన్నారు. ఇద్దరి కాగితాలూ ఒకే శ్రద్ధతో రాసిస్తాను.